పిల్లవాడికి పరీక్ష, ప్రశ్నలు ఇంటిల్లిపాదికీ ఎందుకు?

అమ్మా, మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైన విషయం ఇది. మీ బాబుకు పన్నెండేళ్ళు. జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నాడు. మీవారు మూడేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నారు, మీరు అత్తమామలతో కలిసి ఉంటున్నారు. గత ఏడాది నుంచి బాబు మార్కులు పడిపోయాయి, హోంవర్కు పూర్తి చేయడం లేదు, ఎదురు మాట్లాడుతున్నాడు, వారానికి ఒకటి రెండుసార్లు కడుపునొప్పి అంటూ బడి మానేస్తున్నాడు. బడివారు ‘ఎల్‌డీ (లెర్నింగ్ డిజెబిలిటీ) ఉందేమో, ఐక్యూ టెస్ట్ చేయించండి’ అని చీటీ రాసి ఇచ్చారు. హైదరాబాదులో మీరు కలిసిన క్లినికల్ సైకాలజిస్ట్ మాత్రం మూడు విడతలుగా రావాలన్నారు, మీకూ టీచరుకూ వేర్వేరు ఫారాలు ఇచ్చారు, అత్తగారిని వెంటబెట్టుకు రమ్మన్నారు, మీవారితో వీడియో కాల్‌లో మాట్లాడతామన్నారు. అది విని మీ అత్తగారు, ‘పిల్లగానికి జరమొస్తే వానికి థర్మామీటరు పెడ్తరు గని ఇంటిల్లిపాదికి పెడ్తరా?’ అని అడిగారు. ఆమెకు ఏం చెప్పాలో తోచక నాకు రాశారు.

ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల మానసిక పరీక్షలే వృత్తిగా ఉన్న నాకు ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ వేయలేదు. ఆమె పోలికనే తీసుకుని చెబుతాను. జ్వరం ఎంత ఉందో చెప్పడానికి థర్మామీటరు చాలు, ఎందుకు వచ్చిందో చెప్పడానికి చాలదు. డెంగీ అని తేలితే ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి కూలరులో నిలిచిన నీళ్ళు, పూలకుండీల కింది పళ్ళేలు, పెరట్లో పడి ఉన్న పాత టైరు చూసి వెళుతుంది. జ్వరానికి కారణం మీరేనని నింద వేయడానికి ఆమె రాదు. దోమ ఎక్కడ పుడుతోందో రోగి ఒంటిని మాత్రమే చూస్తే తెలియదు కాబట్టి వస్తుంది. ఐక్యూ పరీక్ష థర్మామీటరు లాంటిది. మీకు కావలసినది అంకె ఒక్కటే అయితే ఒక పూటలో ఇచ్చేయవచ్చు. కాని మీ ఉత్తరంలో ఉన్నది ఐక్యూ ఎంత అన్న ప్రశ్న కాదు. అంతకు ముందు బాగానే ఉన్న పిల్లవాడు గత ఏడాది నుంచి ఇలా ఎందుకయ్యాడన్న ప్రశ్న. దానికి సమాధానంలో సగం మీ ఇంట్లో ఉంది.

బడివారు అనుమానించిన ఎల్‌డీ, అంటే నిర్దిష్ట అభ్యసన వైకల్యం సంగతి ముందు చూద్దాం. అది ఏడో తరగతిలో హఠాత్తుగా పుట్టుకొచ్చేది కాదు. చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకునే తొలి ఏళ్ళ నుంచే ఉంటుంది; ట్యూషను వల్లనో, బట్టీ పట్టడం వల్లనో కొంతకాలం కప్పబడి, పాఠాల బరువు పెరిగినప్పుడు బయటపడుతుంది. కాబట్టి బాబు ఒకటి, రెండు తరగతుల్లో గుణింతాలు ఎలా నేర్చుకున్నాడు, ఒత్తులు వదిలేసేవాడా, ‘మ’ను ‘య’గా చదివేవాడా, గట్టిగా చదవమంటే తడబడేవాడా అన్నది తెలియాలి. అక్షరానికీ ఉచ్చారణకూ దగ్గరి పొత్తు ఉన్న తెలుగు లాంటి లిపిలో ఈ ఇబ్బంది తప్పులుగా కన్నా నెమ్మదిగా చదవడంగానే ఎక్కువగా కనబడుతుంది. అదే పిల్లవాడు ఇంగ్లీషులో స్పెల్లింగుల దగ్గర చతికిలబడతాడు. అందుకే రెండు భాషల్లోనూ చదివించి చూడాలి. ఆ తొలి ఏళ్ళలో ఏ ఇబ్బందీ లేకుండా, గత ఏడాది నుంచే అంతా తిరగబడిందంటే మేము ఎల్‌డీని పక్కన పెట్టి వేరే దారులు వెతుకుతాం. ఈ రెండు దారులను వేరుచేసే ఆధారం ఏ పరీక్ష పెట్టెలోనూ లేదు. అది పాత నోటు పుస్తకాల్లోనూ, వాటిని దిద్దించిన మనిషి జ్ఞాపకంలోనూ ఉంటుంది. మీ ఇంట్లో బాబును పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించింది ఎవరు? మీరు ఉత్తరంలో రాయలేదు గాని, మీ అత్తగారో మామగారో అయి ఉంటారని నా ఊహ.

పరీక్షకు ముందు మరొక పని తప్పకుండా జరగాలి. చూపు, వినికిడి పరీక్షించాలి. కడుపునొప్పి అంటున్నాడు కాబట్టి పిల్లల డాక్టరు ఒకసారి చూడాలి. రక్తహీనత ఉందేమో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో తెలుసుకోవాలి. బోర్డు మీది అక్షరాలు కనబడక వెనకబడిన పిల్లవాడిని సైకాలజిస్టు గదిలో కూర్చోబెట్టడం ఇద్దరి సమయమూ వృథా చేయడమే.

ఇక మొదటి విడతలో మిమ్మల్ని అడిగే ప్రశ్నల గురించి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ ఉందా, కాన్పు ఎలా జరిగింది, పుట్టగానే ఏడ్చాడా, మెడ ఎప్పుడు నిలిపాడు, ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాట వచ్చింది అని అడుగుతారు. నెలల లెక్కలో అడిగితే చాలామంది తల్లులు తడబడతారు. అందుకని నేను పండుగల లెక్కలో అడుగుతాను. ‘బతుకమ్మ నాటికి నడిచాడా? సంక్రాంతికి పిండివంటలు చేస్తుంటే వచ్చి అడిగి పెట్టించుకునేవాడా?’ అంటే వెంటనే సమాధానం వస్తుంది, అదీ తరచుగా నాయనమ్మ నోటి నుంచే వస్తుంది. తల్లి పొలానికో ఉద్యోగానికో వెళ్ళిన ఇంట్లో పిల్లవాడి మొదటి మూడేళ్ళకు సాక్షి ఆమే.

ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద మూడు తరాల వంశవృక్షం గీస్తారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. మేనరికం అయితే దంపతుల మధ్య రెండు గీతలు. ఆ రెండు గీతలు గీసేటప్పుడు నా ఎదుట కూర్చున్న తల్లుల ముఖం చిన్నబోవడం ఎన్నోసార్లు చూశాను. మేనరికం అడిగేది కొన్ని జన్యుసంబంధమైన కారణాలను ఆలోచించడానికి, అవసరమైతే జన్యు వైద్యుల దగ్గరికి పంపడానికి. మీ పెళ్ళి గురించి తీర్పు చెప్పడానికి కాదు. అలాగే ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా, మనోవ్యాధి ఉందా, మద్యం అలవాటు ఉందా, చదువు మధ్యలో మానేసినవారు ఉన్నారా అని కూడా అడుగుతారు. ‘మా మరిదికి కూడా చదువు రాలేదు’ అన్న ఒక్క మాట ఒక్కోసారి నాలుగు పరీక్షల పెట్టు, ఎందుకంటే చదివే ఇబ్బంది కుటుంబాల్లో తరాల వెంట వచ్చే అవకాశం ఎక్కువ.

ఫారాల విషయానికి వస్తున్నాను, ఎందుకంటే నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అత్యంత విలువైన భాగం అదే, తల్లిదండ్రులు అతి తొందరగా తప్పుగా అర్థం చేసుకునేదీ అదే. మీకు ఇచ్చినది బహుశా థామస్ ఆకెన్‌బాక్ రూపొందించిన పిల్లల ప్రవర్తన పట్టిక కావచ్చు, లేదా రాబర్ట్ గుడ్‌మన్ 1997లో వెలువరించిన 25 అంశాల ప్రశ్నావళి కావచ్చు. తల్లిదండ్రులకు ఒకటి, టీచరుకు ఒకటి, పదకొండేళ్ళు దాటిన పిల్లలకు వారే నింపుకునేది ఒకటి ఉంటాయి. మూడూ తిరిగి వచ్చాక పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు ముగ్గురు వేర్వేరు పిల్లల గురించి రాసినట్లు ఉంటుంది. ఇది ఒక్క మన దగ్గరి సంగతి కాదు. ఆకెన్‌బాక్, ఆయన సహచరులు 1987లో 119 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, తల్లీ తండ్రీ వంటి ఒకే రకం వ్యక్తుల మధ్య సహసంబంధం సగటున 0.60 ఉండగా, తల్లిదండ్రులూ టీచర్ల వంటి వేర్వేరు రకాల వారి మధ్య 0.28 మాత్రమే ఉంది. పిల్లలు తమ గురించి చెప్పినదానికీ ఇతరులు చెప్పినదానికీ మధ్య 0.22 ఉంది. ఒకటి అంటే పూర్తి ఏకీభావం, సున్న అంటే ఏ పొత్తూ లేకపోవడం అని గుర్తుంచుకుంటే ఈ అంకెలు ఎంత చిన్నవో తెలుస్తుంది.

వృత్తిలో కొత్తగా ఉన్న రోజుల్లో నేను ఈ తేడాను చూసి ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనుకునేవాడిని. తల్లి దాస్తోందనో, టీచరుకు పిల్లవాడంటే గిట్టదనో తీర్మానించుకునేవాడిని. ఇప్పుడు తేడా కనబడిన చోటే ఆగి చూస్తాను. ఒక తొమ్మిదేళ్ళ పాప విషయంలో బడి నుంచి వచ్చిన ఫారంలో అంతా సవ్యంగా ఉంది, తల్లి నింపిన ఫారంలో మాత్రం మొండితనం, ఏడుపు, కుదురులేనితనం నిండి ఉన్నాయి. తండ్రి ఫారంలో ఏమీ లేదు, ఎందుకంటే ఆయన ఇంటికి వచ్చేసరికి పాప నిద్రపోయేది. ఆరా తీస్తే, పాప బడి నుంచి వచ్చాక ట్యూషనుకు, అక్కడి నుంచి సంగీతానికి, అక్కడి నుంచి అబాకస్‌కు వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేది. తల్లి చూసినది ఆకలితో అలసిపోయి వచ్చిన పిల్లను, టీచరు చూసినది నిద్రలేచి వచ్చిన పిల్లను. ఇద్దరూ నిజమే రాశారు. అందరి ఫారాలూ ఒకేలా ఉండి ఉంటే నేను ఆ పాప దినచర్య అడిగేవాడినే కాదేమో.

ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం ఉన్నాయని నిర్ధారించడానికి కూడా లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలని, ఇల్లూ బడీ లాంటి కనీసం రెండు చోట్ల కనబడాలని నియమం పెట్టింది ఇందుకే. ఒక్కచోటే కనబడేదాన్ని పిల్లవాడి మెదడులో వెతకడానికి ముందు ఆ చోటులో వెతకాలి. అందువల్ల మీ ఫారం మీరు, టీచరు ఫారం టీచరు, ఒకరిదొకరు చూసుకోకుండా నింపండి. ‘మేడమ్ ఏం రాశారో చూసి నేను సరిచేస్తాను’ అనుకోకండి. మన ఊళ్ళలో బడి టీచరు కన్నా ట్యూషను టీచరుకే పిల్లవాడు ఎక్కువగా తెలిసి ఉంటాడు; ఆమె కూడా నాలుగు మాటలు రాసి ఇస్తే తీసుకెళ్ళండి.

మీ అత్తగారిని రమ్మనడానికి మరొక కారణం ఉంది. వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వత మాపని అని ఒకటుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌ల్యాండ్ శిక్షణ పాఠశాలలో ఎడ్గర్ డాల్ 1930లలో తయారుచేసిన దాన్ని నాగపూర్‌కు చెందిన ఎ.జె. మాలిన్ మన దేశానికి అనువుగా మార్చారు. ఇందులో పిల్లవాడిని ఏమీ అడగరు. తనంతట తాను తింటాడా, స్నానం చేస్తాడా, బొత్తాలు పెట్టుకుంటాడా, డబ్బులిస్తే దుకాణానికి వెళ్ళి చిల్లర సరిచూసుకుని వస్తాడా అని అతన్ని దగ్గరగా చూసేవారిని అడుగుతారు. వచ్చే జవాబుల్లో ‘చేయలేడు’, ‘చేయనివ్వం’ అన్న రెంటినీ విడదీయడమే ఇక్కడి నైపుణ్యం. పన్నెండేళ్ళ మనవడికి ఇప్పటికీ అన్నం కలిపి ముద్దలు పెట్టే నాయనమ్మలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. అది ప్రేమే. కాని దాన్ని యథాతథంగా లెక్కలోకి తీసుకుంటే పిల్లవాడి సామాజిక వయసు ఏడెనిమిదేళ్ళకు దిగిపోయి, బుద్ధిమాంద్యం ఉందేమోనన్న అనుమానానికి దారితీస్తుంది. నాయనమ్మ ఎదురుగా ఉంటే, ‘హాస్టల్లో వేస్తే రెండు రోజుల్లో అన్నీ చేసుకుంటాడు సార్’ అని ఆమే చెప్పేస్తుంది, నాకు కావలసినదీ అదే.

మీవారితో మాట్లాడాలని అనడంలో వింత లేదు. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి వచ్చే పిల్లల్లో తండ్రి గల్ఫ్‌లో ఉన్నవారిని నేను చాలామందినే చూశాను. ఆ ఇళ్ళలో తండ్రి పాత్రను ముగ్గురు పంచుకుంటారు. డబ్బు తండ్రి నుంచి, దండన తాత నుంచి, సంజాయిషీ తల్లి నుంచి. ఫోనులో తండ్రికి మంచి వార్తలే చెప్పాలన్న ఒక అలిఖిత ఒప్పందం కూడా ఉంటుంది. బాబు బడి మానేస్తున్న సంగతి మీవారికి తెలుసా? మీరు రాయలేదు. తెలియకపోతే, వీడియో కాల్‌కు ముందే మీరే చెప్పండి. మరొకరి నోట వింటే ఆయనకు కోపం మీ మీదికి మళ్ళుతుంది. తండ్రి వెళ్ళిన ఏడాది, ఆయన సెలవు మీద వచ్చి వెళ్ళిన తేదీలు, కడుపునొప్పి మొదలైన నెల, మార్కులు పడిన పరీక్ష, ఇంట్లో అప్పు, అనారోగ్యం, గొడవ జరిగిన రోజులు ఒకే గీత మీద గుర్తుపెట్టి చూస్తే కొన్నిసార్లు అంతా అక్కడే తేలిపోతుంది. నేను ఆ గీత గీయకుండా ఏ పరీక్ష పెట్టెనూ తెరవను. తండ్రి దూరంగా ఉండటమే కారణమని ముందే తీర్మానించుకోవద్దని కూడా చెప్పాలి. అలాంటి ఇళ్ళలో బాగా చదువుకుంటున్న పిల్లలు మీ వాడలోనే ఉంటారు. కుటుంబ పరిస్థితిని నమోదు చేయడం వేరు, దాన్నే దోషిగా నిలబెట్టడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో పిల్లల మానసిక సమస్యల వర్గీకరణకు ఆరు అక్షాల పద్ధతిని, అంటే ఒక్కో పిల్లవాడి గురించి ఆరు కోణాల్లో విడివిడిగా నమోదు చేసే పద్ధతిని, ప్రచురించినప్పుడు, వ్యాధికి ఒక అక్షం, తెలివితేటల స్థాయికి ఒక అక్షం ఇచ్చినట్లే ఐదో అక్షాన్ని కుటుంబంలోనూ బడిలోనూ ఉన్న పరిస్థితులకు కేటాయించింది. అవి కలిసి ఉంటాయన్నదే దాని భావం. ఒకటి మరొకదానికి కారణమన్నది ప్రతి పిల్లవాడి విషయంలోనూ విడిగా చూపించాల్సిందే.

రెండో విడతలో బాబుకు పరీక్షలు పెడతారు. ఈ అంకెల గురించి మీకు తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. తెలివి పరీక్షల్లో సగటు 100; మూడింట రెండొంతుల మంది పిల్లలు 85కూ 115కూ మధ్య ఉంటారు. 70 కన్నా తక్కువ వచ్చినంత మాత్రాన బుద్ధిమాంద్యం అనరు, రోజువారీ పనుల్లో కూడా అంత వెనకబాటు ఉండాలి. ఏ అంకె అయినా కొన్ని పాయింట్లు అటూఇటూ ఊగే పరిధే తప్ప రాతిమీద గీత కాదు. మనదేశంలో ఇప్పటికీ వాడుకలో ఉన్న బినే–కామత్ పరీక్షను వి.వి. కామత్ 1930లలో కన్నడ, మరాఠీ పిల్లల మీద రూపొందించారు. ‘మిసిక్’ అని మేము పిలిచే మాలిన్ పరీక్ష 1969 నాటిది. తరం మారేకొద్దీ పిల్లలు ఈ పరీక్షల్లో మెరుగవుతూ వచ్చారని, పలు దేశాల్లో దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల పెరుగుదల ఉందని జేమ్స్ ఫ్లిన్ 1980లలో చూపించారు. కాబట్టి పాత కొలబద్దతో కొలిచిన నేటి పిల్లవాడు ఉన్నదానికన్నా తెలివైనవాడిగా కనబడవచ్చు. ఏ పరీక్ష పెట్టారో, ఏ భాషలో పెట్టారో రిపోర్టులో రాయించుకోండి.

భాష అన్న మాట తేలిగ్గా వదిలేయకూడదు, దానికి నేనే సాక్షిని. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక తండా నుంచి వచ్చిన బాలుడికి తెలుగులో పరీక్ష పెట్టి డెబ్బై చిల్లర అంకె రాసి పంపాను. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష అని కాగితం మీద రాసుకున్నాను గాని దాని అర్థం ఆలోచించలేదు. ఏడాది తర్వాత వాళ్ళ నాయనమ్మతో మళ్ళీ వచ్చాడు. అంకె చూసి బడిలో అతన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టారని ఆమె చెప్పింది. ఈసారి మాటలతో పని లేని పరీక్షలు, చెక్క ఆకారాలు అమర్చే సెగ్విన్ ఫలకం, బొమ్మలోని ఖాళీకి సరిపోయే ముక్కను ఎంచుకునే రేవెన్ రంగుల మాత్రికలు పెట్టాను, సూచనలు ఆమె చేత వాళ్ళ భాషలో చెప్పించాను. ఆ పిల్లవాడు సగటు పిల్లవాడే. రిపోర్టు దిద్ది ఇచ్చాను, ఆ ఏడాదిని మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను. మీ బాబు ఇంట్లో తెలంగాణ తెలుగు, బడిలో ఇంగ్లీషు, పుస్తకాల్లో మరో తెలుగు వాడే పిల్లవాడు. ప్రశ్న అర్థం కాకపోవడం, జవాబు తెలియకపోవడం ఒకటి కావు.

బొమ్మలు గీయించడం చూసి మీరు ఆశ్చర్యపోవచ్చు. ఇంట్లో అందరూ ఏదో ఒక పని చేస్తున్నట్లు గీయమనే పద్ధతిని బర్న్స్, కౌఫ్‌మన్ అనేవారు 1970లో తెచ్చారు. నేను కూడా గీయిస్తాను, కాని బొమ్మలో ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉన్నారో కొలిచి రహస్యాలు చెప్పేవారి మీద నాకు నమ్మకం లేదు, దానికి తగిన శాస్త్రీయ బలమూ లేదు. ఒక అబ్బాయి ఇంటి బొమ్మలో అమ్మ, నాన్న, చెల్లి, కోడిపెట్ట కూడా ఉండి తాను మాత్రం లేడు. నాతో శిక్షణలో ఉన్న అమ్మాయి వెంటనే ‘వెలివేతకు గురైన భావన’ అని రాసుకుంది. నువ్వెక్కడ్రా అని అడిగితే, ‘సాయంత్రం కదా సార్, నేను ట్యూషన్‌ల ఉన్న’ అన్నాడు. బొమ్మ మాట కలపడానికి పనికొస్తుంది, అంతే. వేలిముద్రలు తీసి పిల్లల తెలివి, భవిష్యత్తు చెబుతామని బడుల్లో అమ్ముతున్న పరీక్షల మాట ఎత్తకుండా ఉండలేకపోతున్నాను. వాటికి అసలు ఆధారమే లేదు, ఆ డబ్బుతో బాబుకు సైకిలు కొనండి.

బాబుతో ఒంటరిగా మాట్లాడేటప్పుడు మిమ్మల్ని బయట కూర్చోమంటారు. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఆ గోప్యత అవసరం. అతను చెప్పినదంతా మీకు చెప్పరు, అలా చెప్పబోమని మీ ఎదుటే అతనికి మాట ఇస్తారు. దానికి కొన్ని మినహాయింపులు ఉంటాయి, వాటినీ ముందే చెబుతారు: తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన ఉన్నా, ఇతరుల ప్రాణానికి ముప్పు ఉన్నా మీకు చెప్పక తప్పదు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మా బాధ్యత, అది ఇంటి పరువు, బడి పేరు చూసి మానగలిగినది కాదు. బడికి వెళ్ళే రోజునే కడుపునొప్పి వస్తున్న పిల్లవాడిని బడిలో ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా, దారిలో ఎవరైనా భయపెడుతున్నారా అని కచ్చితంగా అడుగుతాం. చావాలనిపించిందా అని కూడా నేరుగా అడుగుతాం. అడిగితే లేని ఆలోచన పుడుతుందని పెద్దలు భయపడతారు గాని అలా జరగదు. అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకోవడమే నేను చూశాను. అపాయింట్‌మెంటు వచ్చేలోపు బాబు అలాంటి మాట ఏదైనా అంటే తేదీ కోసం ఆగకండి. అతన్ని ఒంటరిగా వదలకుండా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మూడో విడత రిపోర్టు చెప్పడానికి. ఇందులో అంకెల పట్టిక కన్నా దాని కింద రాసే రెండు పేరాలు ముఖ్యం: ఈ పిల్లవాడికి ఈ ఇబ్బంది ఇప్పుడే ఎందుకు వచ్చింది, దాన్ని కొనసాగిస్తున్నది ఏమిటి, అతనికి అండగా ఉన్నది ఏమిటి, ఎవరు ఏం చేయాలి. అవి లేని రిపోర్టు ఇస్తే అడిగి రాయించుకోండి. బాబుకు కూడా అతని వయసుకు తగినట్లు ఫలితం చెప్పమనండి, మన ఇళ్ళలో మరిచిపోయే మనిషి అతనే. బడికి పూర్తి రిపోర్టు ఇవ్వనక్కర్లేదు. ఇంటి సంగతులు లేని సంక్షిప్త పత్రం విడిగా అడగండి. రాసినవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు ఉందా, సంతకం కింద ఆ నంబరు ఉందా చూసుకోండి. ఎల్‌డీ తేలితే అది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఒకటి. పరీక్షల్లో అదనపు సమయం వంటి సదుపాయాలకు ప్రభుత్వ ధ్రువపత్రం కావాలి, ప్రైవేటు రిపోర్టు దానికి సరిపోదు. ఆ దశ వస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ, మొన్నటిదాకా ఎన్ఐఎంహెచ్ అని అందరూ పిలిచినది, మీకు అందుబాటులోనే ఉంది. తేలకపోతే ‘ఎందుకైనా మంచిది’ అని ధ్రువపత్రం కోసం తిరగకండి.

మొదటి రోజు తీసుకెళ్ళవలసినవి: కాన్పు నాటి కాగితాలు, టీకాల కార్డు, ఒకటో తరగతి నుంచి దొరికినన్ని ప్రోగ్రెస్ కార్డులు, ఈ ఏడాదివీ రెండేళ్ళ కిందటివీ తెలుగు, ఇంగ్లీషు, లెక్కల నోటు పుస్తకాలు, కళ్ళజోడు ఉంటే కళ్ళజోడు. ఇంతకు ముందు ఎక్కడైనా ఇవే పరీక్షలు చేయించి ఉంటే దాచకండి, మళ్ళీ చేస్తే అలవాటు వల్ల అంకె పెరుగుతుంది. యూట్యూబులో నమూనా ప్రశ్నలు చూపించి తయారు చేయకండి. జగిత్యాల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి పదింటికి పరీక్షలో కూర్చునే పిల్లవాడు సగం నిద్రలో ఉంటాడు. ముందురోజు రాత్రే బంధువుల ఇంటికి చేరుకోండి, లేదా మధ్యాహ్నం సమయం అడగండి. ‘డాక్టరు దగ్గరికి’ అనీ, ‘నీ సంగతి తేలుస్తారు’ అనీ చెప్పకండి. బడి ఎందుకు కష్టంగా ఉందో కనుక్కోవడానికి వెళుతున్నాం, అక్కడ కొన్ని తేలికవీ కొన్ని కష్టమైనవీ అడుగుతారు, అన్నీ రావాలని లేదు అని చెప్పండి.

మీ అత్తగారితో మాత్రం, ‘మిమ్మల్ని పరీక్షించడానికి కాదు, వాడు చిన్నప్పుడు ఎట్లుండెనో మీకే తెలుసట, అందుకే రమ్మన్నరు’ అని చెప్పి చూడండి. అది నిజం కూడా. ఆమెకు ప్రయాణం కష్టమైతే మొదటి విడతకు వస్తే చాలు, మిగతా రెండింటికీ మీరూ బాబూ వెళ్ళవచ్చు.